స్ప్లెండర్‌కీ డ్యూక్‌కీ ఒకే పందెం పెట్టాలంటే

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చీపురుపల్లి వైపు మీ స్నేహితులు పదిహేను మంది కలిసి ఏటా సంక్రాంతి సెలవుల్లో బైకుల డ్రాగ్ పందెం, అంటే తిన్నని రోడ్డు మీద రెండేసి బళ్లు ఎవరు ముందు ఆ చివరికి వెళ్తారో చూసే పందెం, పెట్టాలనుకుంటున్నారు. పోయినేడు ఒకసారి చేసి చూశారు. ఎక్కువ ఖర్చు పెట్టినవాడే గెలిచాడు, ఫినిష్ దగ్గర గొడవయింది, చూడ్డానికి వచ్చిన జనం గంటన్నరకే లేచి వెళ్లిపోయారు. ఈ మూడిటికీ ఏం చేయాలని అడిగావు.

నాకు విజయనగరంలో ఇరవై ఎనిమిదేళ్లుగా షెడ్డు ఉంది. మధ్యలో ఆరేడేళ్లు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి డ్రాగ్ పోటీల సీజన్లో ఒక టీముతో మెకానిక్‌గా వెళ్లొచ్చాను. చిన్న చిన్న పందేలు నేనే పెట్టి చేతులు కాల్చుకున్నాను కూడా. నాకు తెలిసినంతలో నీ మూడు సమస్యలూ చాలావరకు ఒక్క చోటి నుంచే పుడుతున్నాయి. మీరు సీసీ, అంటే ఇంజిన్ సైజు, చూసి బళ్లను విడగొట్టారు. టైము చూసి విడగొట్టండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగ్గానే.

దానికి ముందు ఒక్క మాట. మీరు పందెం పెట్టిన రోడ్డు ఎవరిదో నువ్వు రాయలేదు. అది హైవే సర్వీసు రోడ్డో, పంచాయతీ రోడ్డో అయితే చదవడం ఇక్కడితో ఆపెయ్. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. రెండోసారికి ఏడాది, 10,000. మైనరు పిల్లాడు బండి తోలి దొరికితే 2019 సవరణ తరవాత తండ్రి మెడకి చుట్టుకుంటుంది: 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన 16వ నంబరు హైవే మీద రాత్రి తొమ్మిదింటికి గేదె ఎటు నుంచి దిగుతుందో దాని యజమానికే తెలియదు. సొంత స్థలం, గేటు ఉన్న స్థలం దొరికితేనే మిగతాది చదువు.

పదకొండేళ్ల కిందట ఇలాగే ఒక లేఅవుట్‌లో పెట్టాం. ప్లాట్లు ఇంకా అమ్మలేదు, తారు రోడ్డు కొత్తది, యజమాని మాకు తెలిసినాయన. అటు చివర ఒకడు జేబురుమాలు పట్టుకుని నిలబడ్డాడు, ఇటు చివర నేను స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. సెమీఫైనల్లో ఒక ఆర్‌ఎక్స్ హండ్రెడూ, ఒక పల్సరూ వచ్చాయి. రెండూ గీత దగ్గర ముక్కుకి ముక్కు. నేను ఆర్‌ఎక్స్ అన్నాను. పల్సర్ కుర్రాడి బావ నా కాలరు పట్టుకున్నాడు. ఏడుగురు ఏడు ఫోన్లు తీసి వీడియో వెనక్కీ ముందుకీ జరుపుతున్నారు. ఒక ఫ్రేములో రెండు బళ్లూ గీతకి ఇవతల ఉన్నాయి, తరవాతి ఫ్రేములో రెండూ అవతల ఉన్నాయి. మధ్యలో ఏం జరిగిందో ఏ ఫోనూ చూడలేదు. ఆ రోజు ఫైనల్ జరగలేదు. ప్రైజు డబ్బు సగం సగం పంచి ఇంటికి పోయాం. ఆ ఇద్దరు కుర్రాళ్లు ఇప్పటికీ మాట్లాడుకోరు.

తరవాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది, తప్పు ఎవరిదీ కాదని. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. మామూలు ఫోన్ వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు. అంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య బండి 93 సెంటీమీటర్లు జరిగిపోతుంది. స్టాప్‌వాచ్ సంగతి ఇంకా దారుణం. ఎంత చురుకైన మనిషికైనా చేతి లెక్కలో ఐదో వంతు సెకను అటూ ఇటూ అవుతుంది. ఆ వేగంలో అది ఐదున్నర మీటర్లు, రెండున్నర బళ్ల పొడుగు. అది పట్టుకుని నేను తీర్పు చెప్పాను చూడు!

అందుకే గొడవ పోవాలంటే మొదటి ఖర్చు టైమింగ్ మీద పెట్టండి. ప్రైజులు, బ్యానర్లు, టీషర్టులు తరవాత. స్టార్ట్ గీత దగ్గర ఒక సెన్సర్ జత, ఫినిష్ దగ్గర ఒక జత, ఒక్కో లేనుకీ (బండి పరుగెత్తే దారికీ) విడిగా. బండి ముందు చక్రం కిరణానికి అడ్డు పడగానే, తప్పుకోగానే కంప్యూటర్ రాసుకుంటుంది. ఎలక్ట్రానిక్స్ చదివే ఇంజనీరింగ్ కుర్రాళ్లు మీ గుంపులో ఇద్దరైనా ఉంటారు. ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, చిన్న కంట్రోలర్ బోర్డు, పాత లాప్‌టాప్‌తో వాళ్లు తయారు చేసేస్తారు. ఒక్కటే జాగ్రత్త: వందల మీటర్ల వైరు లాగేటప్పుడు సిగ్నల్ ఆలస్యం కాకూడదు, ఎండ నేరుగా సెన్సర్ కళ్లలో పడకూడదు.  ఈ సెన్సర్లు కుదిరేదాకా ఫినిష్ గీతకి సరిగ్గా తిన్నగా, చక్రం ఇరుసు ఎత్తులో ట్రైపాడ్ మీద స్లో మోషన్ ఫోన్ పెట్టండి. సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 12 సెంటీమీటర్లే. ఎవరు ముందో చెప్పడానికి అది చాలు. జీపీఎస్ డబ్బాలు ప్రాక్టీసులో ఎవరి టైము వాళ్లు చూసుకోవడానికి బాగుంటాయి గానీ ఇద్దరి మధ్య తీర్పుకి వాటిని నమ్ముకోవద్దు.

జేబురుమాలు మాత్రం పారెయ్. అమెరికాలో కూడా మొదట్లో ఒక మనిషి జెండా ఊపేవాడు. అతని భుజం కదలిక చూసి అంచనా వేసి ముందే దూకేవాళ్లుండేవారు. అక్కడ డ్రాగ్ పోటీలు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ 1963లో దీపాల స్తంభం తెచ్చింది, క్రిస్మస్ చెట్టు అంటారు దాన్ని. పైన చిన్న దీపాలు బండి గీత మీద సరిగ్గా ఆగిందో లేదో చెప్తాయి. తరవాత మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని కింద ఒకటి వెలుగుతాయి, ఆ తరవాత పచ్చ. పచ్చ రాకముందే కదిలితే ఎర్ర దీపం, ఆట అయిపోయింది. మీరు ఇనప పైపుకి ఎల్‌ఈడీ బల్బులు కట్టుకున్నా చెట్టే.

ఇక అసలు సంగతి, సీసీ.

గజపతినగరం నుంచి ఒక కుర్రాడు నా షెడ్డుకి వచ్చేవాడు. పోటీలో 100 సీసీ టూ స్ట్రోక్ క్లాసు ఉంది, వాడి దగ్గర ఆర్‌ఎక్స్ ఉంది. మొదటి ఏడాది సైలెన్సర్, కార్బొరేటర్. ఓడిపోయాడు. రెండో ఏడాది పోర్టింగ్ (సిలిండరులోని దారులు సవరించడం), హెడ్ పని. అవతలివాడు అంతకంటే ఎక్కువ చేయించుకొచ్చాడు. మూడో ఏడాది వాడు నా చెవిలో అడిగాడు, ‘అన్నా, రెండు మిల్లీమీటర్లు బోరు పెంచేద్దామా, ఎవరికి తెలుస్తుంది?’ అని. నిజమే, ఎవరికీ తెలియదు. ఆర్‌ఎక్స్ హండ్రెడ్ బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 50. లెక్క కడితే 98 సీసీ. బోరు 52 చేస్తే 106 దాటిపోతుంది. బయట నుంచి అదే సిలిండరు, అవే ఫిన్నులు. పట్టుకోవాలంటే హెడ్ విప్పి వెర్నియర్ కొలబద్ద పెట్టాలి. గెలిచిన ప్రతి బండికీ హెడ్ విప్పడానికి మీ దగ్గర మనుషులున్నారా? విప్పాక గాస్కెట్ డబ్బులెవరిస్తారు? నేను చేయనన్నాను. వాడు వేరే షెడ్డుకి పోయి చేయించుకున్నాడు, గెలిచాడు. తరవాతి ఏడాది ఆ క్లాసులో నిజమైన 100 సీసీ బండి ఒక్కటీ లేదు.

మనవాళ్లకి క్లాసులు కొత్త కాదు. మన జిల్లా కొండవెలగాడలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు, వెయిట్ లిఫ్టింగ్‌లో మనిషి బరువును బట్టి కేటగిరీ అని. మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది 69 కిలోల విభాగంలో. గుంటూరు, ప్రకాశం వైపు ఎడ్ల బండలాగుడు చూశావా? అక్కడ రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుంటాయి. గిత్తని బరిలోకి దింపేముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. పన్ను చూస్తే వయసు తెలిసిపోతుంది, దాన్ని మార్చడం రైతు చేతిలో లేదు. కాటా మీద మనిషీ, నోట్లో పన్నూ అందరి ముందూ ఒక్క నిమిషంలో తేలతాయి. సీసీ అలా తేలదు. తేలనిదాని మీద నియమం పెడితే నిజాయితీపరుడే నష్టపోతాడు.

బండి విషయంలో అందరి ముందూ తేలేది ఒక్కటే, అది ఎంత సేపట్లో ఆ చివరికి వెళ్లిందన్నది. అమెరికాలో ఇంటి దగ్గర బళ్లు బాగుచేసుకునే మామూలు జనం దశాబ్దాలుగా ఆడుతున్న ఆట ఇదే, బ్రాకెట్ రేసింగ్ అంటారు. పందేనికి ముందు రైడరు తన బండి ఎంత టైములో వెళ్తుందో తానే రాసిస్తాడు. ఒక స్ప్లెండర్ 201 మీటర్లకి 13.80 సెకన్లు, ఒక డ్యూక్ 9.20 సెకన్లు రాసిచ్చాయనుకో. తేడా 4.60. స్ప్లెండర్‌కి పచ్చ దీపం 4.60 సెకన్లు ముందు వెలుగుతుంది. డ్యూక్ కదిలేసరికి స్ప్లెండర్ పాతిక మీటర్లు దాటిపోయి ఉంటుంది. ఇద్దరూ రాసిన టైములోనే వెళ్తే గీత దగ్గర ఇద్దరూ ఒకేసారి ఉండాలి. కాబట్టి దీపానికి ఎవడు చురుగ్గా స్పందించాడు, ఎవడు గేర్లు తప్పు లేకుండా వేశాడన్నదే తేలుస్తుంది. మరి కావాలని ఎక్కువ టైము రాసిస్తే? 13.80 రాసి 13.60లో వస్తే బ్రేకవుట్, ఓడిపోయినట్టే. ఇద్దరూ బ్రేకవుట్ అయితే తక్కువ తేడాతో తప్పినవాడు గెలుస్తాడు.

ఖర్చు వైపు నుంచి చూడు. లక్ష పెట్టి ఇంజిన్ చేయించినవాడికి ఇక్కడ ఒరిగేదేమీ లేదు, వాడి టైము తగ్గితే వాడి ఆలస్యం పెరుగుతుంది. పైగా గట్టిగా ట్యూన్ చేసిన ఇంజిన్ ఒక్కో రన్నుకి ఒక్కోలా ప్రవర్తిస్తుంది. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న స్ప్లెండర్ పొద్దున 13.82 చేస్తే మధ్యాహ్నం 13.85 చేస్తుంది. పెట్రోలు ఏది పోశావు, టైరు ఏది వేశావు అని ఎవరూ అడగక్కర్లేదు. స్పీడు కొనుక్కోవచ్చు. అదే టైము పదిసార్లు తేవడం మాత్రం ఏ స్పేర్ పార్టుల కొట్లోనూ దొరకదు.

ఇంత చెప్పి, దీన్ని ఉన్నదున్నట్టు మన దగ్గర పెట్టొద్దంటాను. కారణం ఒక ముసలాయన. లేఅవుట్ గొడవ తరవాత రెండేళ్లకి, ఈసారి టైమింగ్ పెట్టుకుని, పూర్తి బ్రాకెట్ పందెం నడిపాం. తాడు పక్కన టవల్ తలకి చుట్టుకుని ఒకాయన పొద్దున్నుంచీ నిలబడ్డాడు. ఒక రన్నులో ఎర్ర బండి ముందు గీత దాటింది, మైకులో నీలం బండి గెలిచిందన్నారు. ఆయన నా దగ్గరికి వచ్చి అడిగాడు:

‘ఏటి బావూ, ముందెల్లినోడు ఓడిపోనాడేటి?’

‘చెప్పిన టైము కంటే తొందరగా వెళ్లాడు తాతా.’

‘తొందరగా ఎల్లడానికే కదేటి పందెం!’

నా దగ్గర జవాబు లేదు. ఆయన బీడీ వెలిగించుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. చూస్తుండగానే ఆయన వెనక ఇంకో నలభై మంది. ఆట ఎంత న్యాయంగా ఉన్నా కంటికి కనిపించకపోతే జనం దాన్ని మోసమనే అనుకుంటారు.

అందుకని మధ్యే మార్గం: స్థిరమైన టైము క్లాసులు. ఒక 14 సెకన్ల క్లాసు, ఒక 12 సెకన్ల క్లాసు, ఒక పదిన్నర సెకన్ల క్లాసు. మీ ప్రాక్టీసులో వచ్చిన టైములు చూసి ఈ అంకెలు మార్చుకోండి, మొదటి రోజే రాతి మీద చెక్కక్కర్లేదు. ఏ కంపెనీ, ఎన్ని సీసీ, ఎన్ని స్ట్రోకులన్నది అనవసరం. ఇద్దరికీ పచ్చ ఒకేసారి పడుతుంది, ముందు గీత దాటినవాడు గెలుస్తాడు. నియమం ఒక్కటే: 12 సెకన్ల క్లాసులో 12.00 కంటే తక్కువలో వస్తే ఔటు. ఇప్పుడు జనానికి కనిపించేది రెండు బళ్లు కలిసి బయల్దేరడం, రెండూ అంగుళాల తేడాతో గీత దగ్గరికి రావడం. బ్రేకవుట్‌ని మైకులో చెప్పడం కూడా తేలికే. ‘గీత తొక్కేశాడు’ అంటే కబడ్డీ చూసినవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు.

దీనిలో ఒక ప్రమాదముంది, అనుభవం మీద చెప్తున్నాను. ముందున్నవాడికి తాను మరీ తొందరగా వస్తున్నానని అనుమానం వస్తే గీతకి పది మీటర్ల ముందు బ్రేకు కొడతాడు, లేదా పక్కవాడు ఎంత దూరంలో ఉన్నాడో అని తల తిప్పుతాడు. వంద స్పీడులో తల తిప్పడమంటే చేయి కూడా తిరుగుతుంది. గీత దాటకముందే బండి వెనకున్న బ్రేకు లైటు వెలిగితే ఔటు అని రాసిపెట్టండి, ఫినిష్ దగ్గర మనిషిని పెట్టండి. ఆ రన్ను గెలిచినా సరే, ఔటే.

ప్రాక్టీసులో కావాలని మెల్లగా వెళ్లి కింది క్లాసులో చేరేవాళ్లు వస్తారు. రానీ. 14 క్లాసులో చేరిన డ్యూక్ వాడు గీత దగ్గర యాక్సిలరేటర్ వదిలేసి సరిగ్గా 14.00 తేవాలి, వాడికే కష్టం. అయినా జనానికి కంటగింపుగా ఉంటుంది కాబట్టి, ఒక రోజులో ఏ రన్నులోనైనా క్లాసు టైము కంటే ఒక సెకను తక్కువలో వచ్చినవాణ్ణి పై క్లాసుకి పంపేయండి. వాదన లేదు, కాగితం మీద టైముంది.

నా సలహా, ఈ మూడు టైము క్లాసులతో పాటు ఒక స్ప్లెండర్ క్లాసు కూడా పెట్టు. అంటే మామూలు వంద సీసీ బళ్లు, ఏ మార్పూ లేకుండా, టైము పరిమితి లేకుండా. పద్దెనిమిది దాటి, లైసెన్సూ హెల్మెట్టూ ఉన్న ఎవరైనా ఆ రోజే వచ్చి దిగొచ్చు. పాలు పోసే ఆయన, స్కూలు మాస్టారు, మెడికల్ రెప్పు. డుకాటీ లాంటి ఖరీదైన బండి వచ్చి వెళ్తే జనం ఫొటో తీసుకుంటారు, అంతే. తమ ఇంటి ముందు ఉండే బండిని పక్క వీధి ఆయన తోలుతుంటే గొంతు పోయేలా అరుస్తారు. మరి ఇక్కడ మోసం ఎలా ఆపుతావంటావా? విదేశాల్లో చవక పందేల్లో ఒక పద్ధతుంది. గెలిచిన బండిని ముందే ప్రకటించిన ధరకి పోటీలో దిగిన ఎవరైనా కొనుక్కోవచ్చు, యజమాని కాదనకూడదు. ధర 40,000 అని పెట్టి, బండి కొన్నవాడి పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద ముందే సంతకాలు తీసుకో. నలభై వేలకి పోయే బండి మీద ఎవడూ డెబ్భై వేల పని చేయించడు. మా దగ్గర ఇప్పటిదాకా ఒక్క బండే అలా అమ్ముడైంది. అమ్మినవాడు తెగ సంతోషించాడు, అది వేరే కథ.

డబ్బు సంగతి. ఎంట్రీ ఫీజు 500 పెట్టి, ఓడిపోయినవాణ్ణి మొదటి రౌండులోనే ఇంటికి పంపిస్తే వాడు 500 పెట్టి పన్నెండు సెకన్లు ఆడినట్టు. మళ్లీ రాడు. 32 మంది వస్తే ఒక్కొక్కరికి మూడు ప్రాక్టీసు రన్నులివ్వండి. జంటకి రెండు నిమిషాలనుకుంటే 48 జంటలకి 96 నిమిషాలు. తరవాత నాకౌట్లు 31 పందేలు, గంటకి కాస్త పైన. మొదటి రౌండులో ఓడిన పదహారు మందికి విడిగా రెండో అవకాశం పట్టిక నడపండి, అది ఇంకో 15 పందేలు. అంటే ఎంత చేతకానివాడికైనా ఐదు రన్నులు దక్కుతాయి. పెద్ద నగదు ప్రైజు పెట్టొద్దు. యాభై వేల ప్రైజుంటే యాభై వేలు గెలవడానికి అరవై వేలు ఖర్చు పెట్టే మేధావులు మన దగ్గర చాలామంది. కప్పు, టైరు, ఇంజిన్ ఆయిలు డబ్బాలు, ఫీజు వాపసు చాలు. జనంలో పందెం కాయడం మొదలైందా, మైకు ఆపి రేసు ఆపు. అది గేమింగ్ చట్టం కిందికి వస్తుంది, పైగా ఓడిన డబ్బు కోపం రైడరు మీదికి మళ్లుతుంది.

పొదుపు చేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ముఖం మొత్తం కప్పే ఐఎస్‌ఐ హెల్మెట్ రైడరు తెచ్చుకోవాలి, అది సొంతదై ఉండాలి. జాకెట్టు, గ్లౌజులు, మోకాలి కవచాలు మాత్రం క్లబ్బు తరఫున ఐదారు జతలు కొని వంతులవారీగా వాడుకోవచ్చు, పందెం ఇద్దరిదే కదా. ప్రతి బండికీ యాక్సిలరేటర్ వదలగానే వెనక్కి వస్తోందా, చైను కవరుందా, డ్రెయిన్ బోల్టు బిగువుగా ఉందా, సైడ్ స్టాండు ఊగుతోందా చూడాలి. ఒక్క చుక్క ఆయిలు పడితే అరగంట పోతుంది, ఒక మనిషి కూడా పోవచ్చు. అంబులెన్స్ అక్కడే నిలబడి ఉండాలి. 108కి ఫోన్ చేద్దాంలే అనుకోవద్దు. ఆ అంబులెన్స్ ఎవర్నైనా ఎక్కించుకుని కదిలిందంటే తిరిగొచ్చేదాకా పందెం ఆగాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మన మామూలు బండి ఇన్సూరెన్స్‌లో పందేలకీ స్పీడ్ టెస్టులకీ వాడితే వర్తించదని రాసే ఉంటుంది. ఈవెంటుకి విడిగా పాలసీ తీసుకోవాలి.

దూరం 402 మీటర్లు పెట్టాలని నువ్వు పట్టుపట్టినట్టు కనబడింది, అసలైన డ్రాగ్ అంటే అదేనని. సగం చాలు, 201. అది కూడా ప్రపంచమంతా ఒప్పుకున్న దూరమే. అమెరికాలో నైట్రోమీథేన్ ఇంధనంతో నడిచే పెద్ద పెద్ద బళ్లకే 2008లో స్కాట్ కలిట్టా అనే ఆయన ప్రమాదంలో చనిపోయాక దూరాన్ని వెయ్యి అడుగులకి తగ్గించారు. కారణం ఫినిష్ తరవాత ఆగడానికి చోటు చాలకపోవడం. మనకీ అదే లెక్క. 120 స్పీడులో బండి సెకనుకి 33 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడేలోపే ఒక సెకను పోయిందనుకో, తరవాత ఆగడానికి మంచి రోడ్డు మీద ఇంకో 110 మీటర్లు. అది అన్నీ సరిగ్గా ఉన్న రోజు. ఇసక పడి ఉంటే, బ్రేకు జారితే దేవుడి దయ. కాబట్టి 201 మీటర్ల పందేనికి ఆగడానికి కనీసం 400 వదలాలి, మొత్తం 600 మీటర్ల తిన్నని రోడ్డు. జనాన్ని స్టార్ట్ వైపు, మొదటి వంద మీటర్ల పక్కన, గట్టి అడ్డం వెనక పెట్టు. ఫినిష్ దాటాక రోడ్డు పక్కన పురుగు కూడా ఉండకూడదు. అందరికీ ఫినిష్ దగ్గరే నిలబడాలని ఉంటుంది. కానీ మజా అంతా స్టార్ట్ దగ్గరే: పొగ, చప్పుడు, ముందు చక్రం లేవడం, ఎర్ర దీపం పడితే తల పట్టుకోవడం.

జనం ఎందుకు లేచిపోయారో నీ ప్రశ్నలోనే ఉంది. రన్నుకీ రన్నుకీ మధ్య పది నిమిషాలు పట్టిందని రాశావు. పన్నెండు సెకన్ల ఆటకి పది నిమిషాల ఖాళీ ఎవడు భరిస్తాడు? పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగేది మూడుసార్లే, అయినా జనం పొద్దున్నుంచీ మేడల మీద కూర్చుంటారు. వాళ్లకి ఏం రాబోతోందో తెలుసు, పక్కవాడు చెప్తూ ఉంటాడు కాబట్టి. మీ పందేనికి ఆ పక్కవాడు మైకు. ఊరి తీర్థాల్లో ఎడ్ల పరుగు చెప్పే మనిషిని పిలవండి, ఇంగ్లిషులో అరిచే డీజేని కాదు. ఎవరి అబ్బాయి, ఏ ఊరు, బండి ఎన్నేళ్లది, పోయిన రౌండులో ఎంత చేశాడు, ఇవి చెప్తూ ఉంటే చాలు. నాలుగు జంటలు ఎప్పుడూ వరసలో ఇంజిన్ ఆన్ చేసి సిద్ధంగా ఉండాలి. పెద్ద నల్లబల్ల మీద సున్నపు ముక్కతో రెండు అంకెలు రాయండి: దీపానికి ఎంత ఆలస్యం, రోడ్డు మీద ఎంత టైము.

ఆ రెండు అంకెలూ విడివిడిగా ఎందుకంటే అక్కడే కథ ఉంది. టైము లెక్క చక్రం కదిలాకే మొదలవుతుంది, దీపం దగ్గర నిద్రపోయిన సమయం అందులోకి రాదు. ఒకడు 0.12 ఆలస్యం, 12.12 టైము. ఇంకోడు 0.31 ఆలస్యం, 12.05 టైము. రోడ్డు మీద రెండోవాడే వేగం. కలిపితే మొదటివాడు 12.24, రెండోవాడు 12.36. మొదటివాడు మూడు మీటర్ల పైన తేడాతో గెలిచాడు. ఇది ఒక్కసారి మైకులో విప్పి చెప్పాక, తరవాతి రన్ను నుంచి జనం బండి చూడ్డం మానేసి రైడరు చేతులు చూడటం మొదలుపెడతారు. మేం తరవాత పెట్టిన ఒక పందెంలో మధ్యాహ్నం నుంచి పదో తరగతి చదివే గుంటలు నల్లబల్ల ముందు నిలబడి కూడికలు వేసి, మైకు చెప్పకముందే ఎవరు గెలిచారో అరిచేవాళ్లు.

ఎండ పడే చోట షామియానా, మంచినీళ్లు, ఆడవాళ్లకి విడిగా బాత్రూము. ప్రాక్టీసుకీ నాకౌట్లకీ మధ్య రోడ్డు ఊడ్చే అరగంటలో తప్పెటగుళ్లు పెట్టండి, బృందాలు మన దగ్గరే ఉన్నాయి. సాయంత్రం నాలుగున్నరకి ఫైనల్ అయిపోవాలి, జనవరిలో చీకటి తొందరగా పడుతుంది. ఇంతకంటే ఆ భాగం గురించి చెప్పడానికేమీ లేదు.

అనుమతుల విషయంలో దొడ్డిదారి వెతకొద్దు. దేశంలో మోటారు పోటీలకి గుర్తింపు ఉన్న సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ, చెన్నైలో ఉంది. దానికి అనుబంధంగా ఉన్న ఏదైనా క్లబ్బుతో కలిస్తే నియమావళి, అధికారులు, రైడర్లకి లైసెన్సు, ఇన్సూరెన్స్ దారి అన్నీ ఒకే చోట తెలుస్తాయి. ఆ కాగితం చేతిలో ఉంటే పోలీసు, ఫైర్, రెవెన్యూ వాళ్ల దగ్గర మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. కాగితం లేకుండా వెళ్తే మీరు కూడా రోడ్ల మీద తిరిగే గుంపే అనుకుంటారు, వాళ్ల తప్పేం లేదు. జనవరి పోటీకి ఇప్పటి నుంచే తిరగాలి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది. టేపు పట్టుకుని ఆ స్థలానికి వెళ్లి రోడ్డు పొడుగు ఎంత, వెడల్పు ఎంత, ఆగే వైపు చివర ఏముంది, గోడా, చెట్టా, గెడ్డా, అది రాయి. మధ్యలో ఎక్కడైనా ఎత్తుపల్లాలుంటే అది కూడా. పొడుగు 600 దాటితే నా దగ్గరున్న దీపాల స్తంభం, రెండు జతల సెన్సర్లూ ఆటోలో వేసుకుని వస్తాను. ఎడమ లేను ఫినిష్ సెన్సర్ ఒకటి మొరాయిస్తోంది, మీ ఇంజనీరింగ్ కుర్రాళ్లని చూసి పెట్టమను.